ఒక్క వాన గ్యారంటీ

గురువారం సంత, నోవీ తార్గ్.
గొర్రెతోలు చెప్పుల వరసకీ
పొగబెట్టిన జున్ను బుట్టలకీ మధ్య
నాలుగు గజాల పట్టా పరిచి
పాత గుడారాలు అమ్ముతాను.
ఎవరివి అని అడగరు.
ఎంత అని అడుగుతారు.

పొద్దున్నే ఒక పొడుగాటి మనిషి, తితుస్ అట,
క్రాకోవ్‌లో ట్రామ్ నడుపుతాడట.
"నా ఒక్కడికే. బరువుండకూడదు. చిరగకూడదు.
నూట యాభై జ్లోటీలు దాటకూడదు."
తేలిక, గట్టి, చవక:
ఈ మూడింట్లో రెండు ఏరుకోమన్నాను.
మూడూ ఇస్తానన్నవాడి దగ్గర
జేబు పట్టుకుని నిలబడాలి.

పడుకో, అన్నాను.
చెప్పులు తొడిగి చూడకుండా కొంటావా?
టోపీ గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు,
బురద సంతలో, జనం కాళ్ళ మధ్య.
మడమలు రెండూ బయటికొచ్చాయి.
దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపమన్న పెద్దమనిషిని
కొండమీద ఒక్క రాత్రి పడుకోబెట్టాలి.
జానెడు పొడవున్నది తీసిచ్చాను, ఆకుపచ్చది,
జిప్పు మాత్రం కొత్తగా కుట్టాను.
కడ్డీకొకటి ఇనప గొట్టం ముక్క ఉచితం:
హాల్నీ గాలి వీస్తే విరిగేది అక్కడే.

తరవాత లుదోమిరా వచ్చింది.
బడి వంటగదిలో పని,
వెనక ముగ్గురు పిల్లలు, ఒక అత్తగారు,
చేతిలో చిల్లర నిండిన ఊరగాయ సీసా.
"నలుగురికి అని రాసుంది, ఐదుగురం సర్దుకుంటాం."
అమ్మా, సంచీ మీది అంకెని నమ్మకు.
వాళ్ళు లెక్కపెట్టిన నలుగురూ
పక్కకి తిరగరు, గురక పెట్టరు,
తడి బూట్లు లోపలికి తేరు,
అర్ధరాత్రి ఎవరికీ ఒంటికి రాదు.
ఆ అంకెలోంచి ఒకటి తీసెయ్యి.
అత్తగారుంటే ఇంకొకటి.

ఆమెకి నారింజరంగుది ఇచ్చాను,
ఇనప కర్రలు, పదకొండు కిలోలు,
ఎవరూ మొయ్యనిది, అందుకే చవక.
బస్సు దిగిన చోటే వేసుకుంటాం అంది.
అయితే బరువు నీది కాదు, బస్సుది.

అమ్మేముందు ప్రతి గుడారంలోనూ
మా పెరట్లో ఒక వాన పడుకుంటాను.
నేనిచ్చే గ్యారంటీ అదొక్కటే.
ఒంటరి గుడారంలో తెల్లారేసరికి
నా ఊపిరే కప్పుకి పట్టి
చుక్కచుక్కగా నా నుదుటి మీదే పడుతుంది.
ఆ నారింజదాంట్లో పడుకున్న రోజు
మెలకువొచ్చి చూస్తే
గోడకి అతుక్కుపోయి ఉన్నాను,
పక్కన ముగ్గురికి చోటొదిలి.
ఇంట్లో నేనొక్కదాన్నే.
ఎవరికోసం జరిగానో
ఆ గుడ్డకి అలవాటేమో.

సెప్టెంబరులో లుదోమిరా మళ్ళీ వచ్చింది.
కుట్టు ఊడిందా, చిల్లు పడిందా అని
సూది వెతుకుతున్నాను.
ఊహూఁ అంది. అటూ ఇటూ చూసింది.
దొంగసొత్తు అడిగినట్టు అడిగింది:
"ఒక్కరికి సరిపోయేది ఉందా?
రెండు రాత్రులకి చాలు.
ఇంట్లో వంటవాళ్ళ మీటింగని చెప్పాను."

నీలంది విప్పి, నాలుగు మేకులు దిగ్గొట్టి
పడుకో, అన్నాను.
బూట్లు విప్పి బయట జతగా పెట్టింది.
లోపలికి పాకి జిప్పు లాక్కుంది.

బేరాలు, గొర్రెల అరుపులు,
లౌడ్‌స్పీకర్లో ఎవరిదో పోయిన తాళంచెవి.
పావుగంటయింది. పిలిచాను. పలకలేదు.
గుడ్డ మాత్రం కాస్త ఉబ్బుతోంది, తగ్గుతోంది.

ధర ఎంత చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను.
సన్నగా చినుకులు మొదలయ్యాయి.
బయటున్న బూట్లు తీసి
నా స్టూలు కింద పెట్టుకున్నాను.